కోటేశ్వరరావు గట్టు మీది వేడినీళ్ల లైను

కరోనా రెండో దెబ్బ తగ్గి పనులు మళ్లీ మొదలైన ఏడాది అది. వానాకాలం వడ్లు మిల్లులకు రావడానికి ఇంకా టైముంది. మిర్యాలగూడలో పైపుల పని చేసేవాళ్లకు అవి కొంచెం ఖాళీ రోజులు. మా దగ్గర చాలా మిల్లులు ఉప్పుడు బియ్యం ఆడతాయి. వడ్లను ముందు ఆవిరిలో ఉడికించాలి కాబట్టి అలాంటి ప్రతి మిల్లులోనూ ఊకతో మండే బాయిలరు ఉంటుంది. దాని నుంచి ఆవిరి, వేడినీళ్లు తీసుకుపోయే పైపులు వేయడం, కారితే బాగుచేయడం నా పని. ఆ పైపులన్నీ గోడల వెంట, స్తంభాల మీదుగా పోతాయి. ఎక్కడ తేడా వచ్చినా కంటికి కనబడుతుంది. భూమి లోపల వేడినీళ్ల లైను వేయాలని నన్ను మొదట అడిగింది పద్మ.

ఆమెది కోదాడ దగ్గర పల్లె. ఊక కొనడానికి మిల్లుకు వచ్చి, బాయిలరు దగ్గర నేను పని చేస్తుంటే చాలాసేపు నిలబడి చూసింది. ఆమె, భర్త సైదులు కలిసి కోళ్ల షెడ్డు నడుపుతున్నారు. కంపెనీ వాళ్లు ఒక్కరోజు వయసున్న కోడిపిల్లల్ని తెచ్చి దింపుతారు, వీళ్లు పెంచి తిరిగి అప్పజెబుతారు. ఆ పిల్లలకు ఈకలు వచ్చేదాకా తల్లి కోడి రెక్కల కింద ఉన్నంత వెచ్చదనం షెడ్డులో ఉండాలి. దాన్ని బ్రూడింగ్ అంటారు. చలికాలంలో ఇందుకోసం సైదులు చుట్టూ పరదాలు దించి, ఇనుప డ్రమ్ముల్లో బొగ్గులు రాజేసి, రాత్రంతా వాటి మధ్యనే తిరిగేవాడట. ఏళ్ల తరబడి అలా చేసి ఇప్పుడు ఊపిరి ఆడని జబ్బు తెచ్చుకున్నాడు.

"డాక్టరు పొగల పోవద్దన్నడన్నా. ఈయన మాట ఇంటలేడు. పిల్లలు సస్తయ్ అంటడు. పొయ్యి బయట పెట్టి, వేడి ఒక్కటే లోపలికి పంపే ఉపాయం ఏమన్న ఉంటదా?" అని అడిగింది.

ఉంటుంది. చల్లటి దేశాల్లో ఇళ్లకే అలా చేస్తారని విన్నాను గానీ చూడలేదు. దాన్ని ఔట్‌డోర్ ఫర్నేస్ అంటారు. ఆరుబయట ఒక పెద్ద ఇనుప పొయ్యి, దాని చుట్టూ నీళ్ల తొట్టి. పొయ్యి మండితే నీళ్లు కాగుతాయి. చిన్న పంపు ఆ నీళ్లను భూమిలోని పైపు గుండా షెడ్డులోకి నెడుతుంది. షెడ్డులో గోడల వెంట తిరిగి, వేడి అక్కడ వదిలేసి, ఇంకో పైపులో వెనక్కి వస్తాయి. పొగ బయటే ఉంటుంది. మిల్లులో చేసే పనే ఇది, కాకపోతే చిన్నది. నాతో పని చేసే జానీని వెంటబెట్టుకుని, చూసి చెబుతానని వెళ్లాను. జానీది సూర్యాపేట. వెల్డింగులో అతని చెయ్యి ఎంత నిదానమో నోరు అంత తొందర.

పొయ్యిని షెడ్డు పక్కనే పెడితే పని సులువు. కానీ ఊక మండితే నిప్పురవ్వలు లేస్తాయి. షెడ్డులో పరదాలు, కింద పరిచిన ఊక, అంతా అంటుకునే సరుకే. ఊక లారీ రావాలన్నా బాట పక్కనే ఉండాలి. అందుకని బాట వైపు మెరక మీద చోటు చూశాం. అక్కడి నుంచి షెడ్డు చాలా దూరం. మధ్యలో లైను పోవడానికి రెండే దారులున్నాయి. ఒకటి పై నుంచి, పక్క రైతు కోటేశ్వరరావు గారి పొలం గట్టు వెంట. మొరం నేల, ఎత్తు మీద ఉంది, నీళ్లు నిలవవు. రెండోది కింద నుంచి, సైదులు సొంత భూమిలోనే, పిల్ల కాలువ పక్కగా. అది నల్లరేగడి.

నేను గట్టు వైపు చూపించగానే పద్మ భర్త మొహం చూసింది. సైదులు తల అడ్డంగా ఊపాడు. పద్మ తర్వాత నాకు సంగతి చెప్పింది. కొన్నేళ్ల కింద ఎండాకాలంలో షెడ్డు నుంచి ఈగలు లేచి ఇళ్ల మీద పడితే కోటేశ్వరరావు పంచాయతీలో ఫిర్యాదు చేశాడు. అధికార్లు వచ్చి చూసిపోయారు. ఆ గొడవకు కంపెనీ ఒక సీజను మొత్తం పిల్లల్ని ఇవ్వలేదు. అప్పటి నుంచి పక్కపక్క పొలాలైనా ఇద్దరికీ మాటల్లేవు.

"షెడ్డన్న మూసుకుంట గని ఆయన గడప తొక్కనన్నా," అన్నాడు సైదులు.

కింది దారిలో ఏం జరగొచ్చో విడమరిచి చెప్పాను. వేడినీళ్ల పైపుకు చుట్టూ ఇన్సులేషన్ చుడతాం. అంటే వేడి బయటికి పోకుండా పట్టే మెత్తటి నురుగు తొడుగు. అది పొడిగా ఉన్నంతసేపే పని చేస్తుంది. నీళ్లు చేరాయంటే పైపుకు తడిబట్ట చుట్టినట్టే, వేడంతా అదే లాగేస్తుంది. సైదులు విని, కాలువకు సిమెంటు వేసి చాలా కాలమైందని, అక్కడ తడి రావడం తను ఎప్పుడూ చూడలేదని అన్నాడు. భూమి ఆయనది. చూసుకునేది ఆయనే. నేను కిందికే టేపు పట్టాను.

పని మాత్రం శ్రద్ధగా చేశాం. పైపు పడుకోబెట్టడానికి తవ్వే సన్నటి కందకాన్ని ట్రెంచి అంటాం. జేసీబీతో లోతుగా తవ్వించి, అడుగున ఇసుక పరిచాం. పోయే పైపుకూ వచ్చే పైపుకూ విడివిడిగా ఇన్సులేషన్ చుట్టి, రెండింటినీ కలిపి లావుపాటి ప్లాస్టిక్ గొట్టంలోకి దూర్చాం. దాన్ని స్లీవ్ అంటారు. బయటి తడి లోపలికి రాకుండా అదే కాపలా. పూడ్చే ముందు పైపుల నిండా నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి, రెండు చివరలూ మూసి, ఒత్తిడి చూపే గేజు ముల్లు పడిపోతుందేమోనని కనిపెట్టుకుని ఉన్నాం. ముల్లు కదలలేదు. సైదులు తువ్వాల ముక్కుకు కట్టుకుని ట్రెంచి అంచునే కూర్చునేవాడు. ప్రతి అతుకు దగ్గరా ఇది ఊడితే ఎట్లా అని అడిగేవాడు. జానీ ప్రతిసారీ ఊడదని చెప్పేవాడు.

దీపావళి పోయాక మొదటి బ్యాచి పిల్లలు వచ్చాయి. పొయ్యి వెలిగించి పంపు వేస్తే కాసేపటికే షెడ్డులో పైపు వేడెక్కింది. పద్మ పైపు మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసి, నవ్వింది. చలి వేస్తే పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గుంపు కడతాయి. ఎక్కువ వేడైతే పైపుకు దూరంగా పోయి నోరు తెరుస్తాయి. ఆ రోజు షెడ్డంతా సమంగా పరుచుకుని గింజలు ఏరుకుంటున్నాయి. జానీ అప్పుడే ఇంకో షెడ్డు వాళ్లకు ఫోన్ చేసి గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ బ్యాచి బాగా పెరిగి వెళ్లిపోయింది. మధ్యలో ఒకసారి చూద్దామని వెళ్తే సైదులు షెడ్డు బయట మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎలా ఉంది అని అడిగితే అంతా మంచిగుందన్నాడు. కాసేపాగి, రాత్రిళ్లు నిద్ర పడుతలేదన్నాడు. ఇన్నేళ్లూ బొగ్గులు ఎగదోస్తూ, పిల్లల్ని సర్దుతూ తెల్లవార్లూ మేలుకున్న మనిషి. ఇప్పుడు చేసే పనేమీ లేదు. నేను దాన్ని సంతోషించాల్సిన విషయంగానే తీసుకున్నాను.

యాసంగి పంటకు సాగర్ కాలువ నీళ్లు వదిలాక రెండో బ్యాచి వచ్చింది. చలి గట్టిగా ఉన్న రోజులు. నేను సూర్యాపేటలో ఒక లాడ్జికి వేడినీళ్ల లైను వేస్తుండగా, పొద్దుగూకే వేళ పద్మ ఫోన్ చేసింది. పొయ్యి దగ్గర నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయట, షెడ్డులో పైపు మాత్రం గోరువెచ్చగా ఉందట. పంపు తిరుగుతోందా, పైపులో గాలి పట్టిందా అని ఒక్కొక్కటే చూడమన్నాను. అన్నీ సరిగానే ఉన్నాయి. అప్పుడు కాలువ సంగతి అడిగాను. నాలుగు రోజుల నుంచి నిండుగా పారుతున్నదని చెప్పింది. ఏం జరిగిందో నాకు అర్థమైంది. షెడ్డులో సగానికి పరదా కట్టి పిల్లలన్నిటినీ ఒకవైపుకు చేర్చమని, తెల్లారేసరికి వస్తామని చెప్పాను.

మేం వెళ్లేసరికి మంచు ఇంకా విడలేదు. షెడ్డు పరదాల సందుల్లోంచి బొగ్గుల వాసన వస్తోంది. సైదులు బయట గోడకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి వంగి ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. పద్మ ఆయన వీపు నిమురుతూ నన్ను చూసి ఏడవకుండా మాట్లాడటానికి ప్రయత్నించింది. ఆమె పొయ్యి దగ్గర ఊక ఎగదోస్తూ ఉండగా, ఆయన మూలన పడేసిన డ్రమ్ములు తీసి బొగ్గులు రాజేశాడు. ఆమెకు తెలిసేసరికే ఆలస్యమైంది.

జానీకి బొగ్గులు బయటికి తీసి, కిటికీల దగ్గర పరదాలు కొంచెం ఎత్తమని చెప్పి, సైదులును పైపులు మోసే నా వ్యాను బండిలో ఎక్కించాను. పద్మ షెడ్డు వైపు ఒకసారి చూసింది.

"పోతె పోనియ్యి అన్నా, నువ్వు నడువు," అని తనూ ఎక్కి తలుపు వేసుకుంది.

కోదాడ దాకా సైదులు ఒక్క మాటనూ పూర్తిగా పలకలేకపోయాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య గాలి కోసం ఆగుతున్నాడు. "పైపుల మీద... నమ్మకం లేక కాదన్నా," అన్నాడు. "అరుస్తున్నయ్... అవి అరుస్తుంటె... మంచం మీద ఎట్ల కూసోవాలె?" మాట్లాడొద్దని పద్మ ఆయన నోటి మీద చెయ్యి పెట్టింది. నేను బాట మీంచి కళ్లు తిప్పలేదు.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకొంచెం సేపు లోపలే ఉండి ఉంటే మాట వేరేగా ఉండేదని డాక్టరు పద్మకు చెప్పింది. ఆయన ఊపిరి కొంచెం కుదుటపడ్డాక పద్మ నన్ను వెళ్లమంది. షెడ్డులో జానీ ఒక్కడే ఉన్నాడని గుర్తుచేసింది. పోతే పోనీ అని వచ్చినా ఆమె మనసు అక్కడే ఉంది. ఆ బ్యాచి చస్తే కంపెనీ మళ్లీ పిల్లల్ని ఇవ్వదు. ఇవ్వకపోతే షెడ్డు ఖాళీ. షెడ్డు తప్ప వాళ్లకు ఇంకో బతుకుతెరువు లేదు.

నేను తిరిగి వచ్చేసరికి జానీ కాలువ పక్కన ఒకచోట తవ్వి పెట్టాడు. గుంటలో నీళ్లు ఊరుతున్నాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది. ఉబ్బిన మట్టి స్లీవ్‌ను అటూ ఇటూ లాగి, అతుకు దగ్గర నోరు తెరిపించింది. లోపలి నురుగు తొడుగును చేత్తో పిండితే నీళ్లు కారాయి. గోరువెచ్చగా ఉన్నాయి ఆ నీళ్లు. షెడ్డుకు పోవాల్సిన వేడంతా పొలంలో కలుస్తోంది. తవ్వి ఆరబెట్టి బాగుచేసే పని కాదది, అంత టైము కూడా లేదు. షెడ్డులో పిల్లలు ఒక మూలకు చేరి కుప్పపడ్డాయి. కింద పడ్డవి కొన్ని అప్పటికే చచ్చిపోయాయి. జానీ వాటిని ఏరి పక్కన పెడుతూ, ఎన్నడూ లేనిది, మాట్లాడకుండా ఉన్నాడు.

చేయగలిగింది ఒక్కటే. లాడ్జి పని కోసం బండిలో పెట్టుకున్న కొత్త పైపును నేల మీదే, పొడిగా ఉన్న దారిలో పరిచి, మీద ఏదైనా కప్పి, సాయంత్రంలోగా నీళ్లు పంపాలి. పొడిగా ఉన్న దారి కోటేశ్వరరావు గట్టు. సైదులును అడగడానికి లేదు. పద్మను అడిగితే భర్తను అడగాలంటుంది. నేనే వెళ్లాను.

ఆయన పొలంలోనే ఉన్నాడు. నాట్లు పడుతున్నాయి. ఆడవాళ్లు వరుసగా వంగి నాటు వేస్తుంటే, తలకు తువ్వాల చుట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటాడు. నేనెవరో చెప్పి, ఆయన గట్టు మీద కొన్నాళ్లు పైపు పరుచుకోనివ్వమని, తీయమన్న రోజు తీసేస్తానని అడిగాను.

"సైదులు పంపాడా మిమ్మల్ని?"

"లేదండీ. ఆయన కోదాడ దవాఖానల ఉన్నడు. పైపు సల్లబడ్డదని రాత్రి బొగ్గులు పెట్టుకున్నడు."

ఆయన షెడ్డు వైపు చూశాడు.

"మనిషి ఎలా ఉన్నాడు?"

"ఆక్సిజన్ పెట్టిన్రు. ఇప్పుడు జర నయం."

"మీరు టేపు పట్టుకుని కింద నుంచి కొలుస్తుంటే చూశానండీ," అన్నాడు. "అక్కడ వద్దు, కాలువకు ఆ మలుపులో సిమెంటు పగిలింది, తడి దిగుతుంది అని వచ్చి చెబుదామనుకున్నా. నా మాట వింటాడా అని ఊరుకున్నా."

ఆయన తువ్వాల విప్పి భుజాన వేసుకుని, పైపు ఎక్కడుందో చూపించమన్నాడు.

తర్వాత అంతా వేగంగా జరిగింది. గట్టు పక్క మడిలో నీళ్లు తగ్గించమని ఆయన తన మనిషికి చెప్పాడు. నాటు వేసేవాళ్లను గట్టు మీద నడవకుండా అవతలి నుంచి రమ్మన్నాడు. పైపు చుట్టను నేను ఒకవైపు, ఆయన ఒకవైపు పట్టుకుని విప్పుకుంటూ వెళ్లాం. జానీ ఒక చివరను పొయ్యి దగ్గరా ఇంకో చివరను షెడ్డు దగ్గరా కలిపాడు, చల్లబడి వెనక్కి వచ్చే నీళ్లకు పాత పైపునే ఉంచాం. పైన కప్పడానికి మా దగ్గర ఊక బస్తాలు కొన్నే ఉన్నాయి. కోటేశ్వరరావు తన గడ్డివాము నుంచి ట్రాక్టరు మీద ఎండుగడ్డి తెప్పించి, గట్టు పొడవునా మందంగా పరిపించాడు. పొద్దు వాలేలోగా షెడ్డులో పైపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మూలన కుప్పగా ఉన్న పిల్లల్లో పైవి ముందు కదిలాయి, తర్వాత కిందివి. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. లోపలికి రమ్మంటే, చెప్పుల మట్టితో జబ్బులు వస్తాయంటారుగా అని రాలేదు.

పద్మకు ఫోన్ చేసి చెప్పాను. ఎవరి గట్టు అని అడిగింది. చెప్పాను. సైదులుకు ఆమె ఎప్పుడు, ఎలా చెప్పిందో నాకు తెలియదు.

సైదులు ఇంటికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. బండి దిగి ముందు షెడ్డుకు పోతాడనుకున్నాం. గట్టు మీదికి పోయాడు. మెల్లగా, ఆగుతూ నడిచాడు. ఒకచోట కూర్చుని గడ్డి పక్కకు జరిపి పైపు ముట్టుకుని, మళ్లీ కప్పాడు. కోటేశ్వరరావు మడి అవతల నుంచి అది చూసి దగ్గరికి వచ్చాడు.

"గట్టు మీద ఉంటె కూలోళ్ల కాళ్లు కాలుతయ్," అన్నాడు సైదులు. "భూమిల పెట్టిపిస్త, నువ్వు సరేనంటె."

"పెట్టించు. నాట్లయ్యాక తవ్వుకోండి," అన్నాడు కోటేశ్వరరావు. వెళ్లబోతూ ఆగి, "ఎండాకాలం వచ్చేలోపు ఆ ఈగల సంగతి కూడా కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు.

"మాట్లాడుదం."

అంతే. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు. మేం నాట్లయ్యాక గట్టు వెంట మొరంలో ట్రెంచి తవ్వి, ఈసారి ఫ్యాక్టరీలోనే ఇన్సులేషన్ పోసి వచ్చే పైపు వేశాం. లోపలి పైపు, నురుగు, పైతొడుగు మూడూ ఒక్కటిగా అంటుకుని ఉంటాయి కాబట్టి మధ్యలో నీళ్లకు చోటుండదు. షెడ్డులో ఒక్కో వరుసకు ఒక్కో వాల్వు పెట్టి, అవి తిప్పే పని సైదులుకు అప్పజెప్పాం. పిల్లలు ఎక్కడ గుంపు కడుతున్నాయో, ఎక్కడ దూరం జరుగుతున్నాయో చూసి ఏ వాల్వు ఎంత తెరవాలో ఆయన చెబుతాడు. ఆయనకు ఊక దుమ్ము పడదు కాబట్టి పొయ్యి దగ్గరికి పద్మ రానివ్వదు. షెడ్డు ఎరువును ఇప్పుడు సున్నం చల్లి, టార్పాలిన్ కప్పి ఉంచుతున్నారు. ఈగలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. మే నెలలో కోటేశ్వరరావు సణుగుతూనే ఉంటాడని పద్మ చెప్పింది. సణుగుడు ఇప్పుడు నేరుగా వీళ్ల వాకిట్లోకే వచ్చి చేస్తాడట.

ఆ తర్వాత తుంగతుర్తి వైపు, పాలకీడు వైపు ఇలాంటి లైన్లు ఇంకొన్ని వేశాను. పని చాలావరకు అదే. నేల చూడటం, వాలు చూడటం, నీళ్లు ఎటు నుంచి వస్తాయో అడగడం. ఒక్కటి మాత్రం మారింది. ఇంతకుముందు, ఇటు నుంచి కుదరదు అని రైతు అంటే, రాయి అడ్డం ఉన్నట్టే లెక్కేసుకుని ఇంకో దారి వెతికేవాణ్ణి. ఇప్పుడు కుదరనిది నేలకా, మనిషికా అని అడుగుతాను. సైదులు ఆ రోజు కాదన్నది దారిని కాదు, అడగడాన్ని. అవతలి ఆయన కూడా చెప్పడానికే వెనకాడాడు. మధ్యలో టేపు పట్టుకుని నిలబడ్డ నాకు ఇద్దరితోనూ ఏ గొడవా లేదు. నేల కుదరకపోతే పైపు మార్చుకుంటాను. మనిషితో కుదరదంటే, చెప్పులు అవతలివాళ్ల గుమ్మం బయట వదిలి, నేనే పోయి అడిగొస్తాను. ఇప్పటిదాకా చాలామంది సరేనన్నారు. కాదన్నవాళ్లు కూడా మంచినీళ్లు ఇచ్చే పంపారు.